పట్టాభిషేకానికి జాకెట్ ముక్కల తోరణాలు

2023 ఏప్రిల్ ఆఖర్లో, చార్లెస్ రాజుగారి పట్టాభిషేకం దగ్గరపడుతుంటే, మా సందు మొదట్లో ఉన్న ఎర్ర పోస్టు డబ్బాకి కిరీటం పెట్టారు. ఊదారంగు ఊలుతో క్రోషే అల్లిక, అంచు చుట్టూ తెల్ల ఊలు, దాని మీద నల్ల చుక్కలు. కిరీటం పక్కన జానెడు రాజుగారి బొమ్మ. ముక్కూ మొహం ఎలా ఉన్నా చెవుల దగ్గర మాత్రం అల్లినావిడ ఎక్కడా రాజీపడలేదు. ఎవరు అల్లారో, ఎప్పుడు తొడిగారో అడిగితే చెప్పరు. ఇంగ్లండులో ఇదో సరదా. క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ కూడా తెల్లారేసరికి పోస్టు డబ్బాల నెత్తిన ఊలు టోపీలు వెలుస్తాయి.

డబ్బా ఒంటి మీదున్నవి మాత్రం ఎలిజబెత్ రాణి పేరు పొడి అక్షరాలే. రాజు మారాడని ఉన్న డబ్బాలు పీకెయ్యరు. విక్టోరియా కాలం నాటివి ఇప్పటికీ అక్కడక్కడా ఉత్తరాలు మింగుతూనే ఉన్నాయి. చార్లెస్ అక్షరాలున్న మొదటి డబ్బా 2024 జులైలో గానీ రాలేదు, అదీ కేంబ్రిడ్జ్ అవతల గ్రేట్ కాంబోర్న్‌లో. కాబట్టి ఆ రెండు వారాలూ మా డబ్బాకి తల కొత్త రాజుది, ఒళ్లు పాత రాణిది.

మేముండేది విండ్సర్లో. ఆ మాట అనగానే గుంటూరులో మా చుట్టాలు "అయితే కోట పక్కనే!" అంటారు. పక్కన కాదు, డెడ్‌వర్త్ వైపు, బస్సెక్కితే గానీ కోట కనపడదు. అయినా ఊరంతటికీ ఈ రాజకుటుంబంతో ఏదో ఒక లంకె. చార్లెస్, కెమిల్లా 2005 ఏప్రిల్ 9న రిజిస్టరు పెళ్లి చేసుకున్నది మా హై స్ట్రీట్‌లో ఉన్న గిల్డ్‌హాల్ అనే పాత టౌన్‌హాల్‌లోనే. కింద వసారా మధ్యలో స్తంభాలుంటాయి, పైకప్పుకి తగలకుండా వేలెడు కిందే ఆగిపోతాయి. వచ్చిన చుట్టాలందరికీ అవి చూపించడం నా డ్యూటీ.

ఊరి అలంకరణ గురించి చెప్పాలంటే ముందు పీస్‌కాడ్ స్ట్రీట్ చెప్పాలి. కోట దగ్గర మొదలై కిందికి దిగే షాపుల వీధి. అటు మేడకీ ఇటు మేడకీ తీగలు లాగి బ్రిటన్ జెండాలు వరసగా వేలాడదీశారు. దాని కింద ఒక్కో షాపుది ఒక్కో పైత్యం. మాంసం కొట్టువాడు సాసేజీల దండ మధ్యలో అట్ట కిరీటం నిలబెట్టాడు. కళ్లజోళ్ల షాపులో రాజుగారి నిలువెత్తు అట్టబొమ్మకి కొత్త ఫ్రేము తగిలించి, కింద ధర చీటీ కూడా అతికించారు. సూపర్ మార్కెట్లలో బిస్కెట్ డబ్బా, టీ డబ్బా, చాక్లెట్ డబ్బా, వేటి మీద చూసినా ఆ పట్టాభిషేకం ముద్రే. గులాబీ, తిసిల్, డాఫొడిల్ పూలు, షామ్‌రాక్ ఆకు కలిపి కిరీటంలా అల్లిన ఆ ముద్ర గీసింది యాపిల్ ఫోన్లకి రూపం ఇచ్చిన జోనీ ఐవ్ అని మావారు చెప్తే గానీ నాకు తెలీదు. తెలిశాక మాత్రం బిస్కెట్ డబ్బా పారెయ్యబుద్ధి కాలేదు.

నాకు అన్నిట్లోకీ నచ్చింది ఒక చారిటీ షాపు కిటికీ. సేవా సంస్థ కోసం పాత సామాన్లు అమ్మే కొట్టది. పాత పట్టాభిషేకాల మగ్గులు వరసగా పేర్చారు. 1937 జార్జిది, 1953 ఎలిజబెత్‌ది, వాటి మధ్యలో ఎనిమిదో ఎడ్వర్డ్‌ది కూడా. ఆయన పట్టాభిషేకం జరగనే లేదు! 1937 మే 12న ముహూర్తం పెట్టుకున్నారు, మగ్గులు కాల్చి అమ్మకానికి పెట్టేశారు, ఈలోపు 1936 డిసెంబరులో ఆయన ప్రేమించినావిడ కోసం గద్దె వదిలేశాడు. ముహూర్తం మాత్రం మార్చలేదు, అదే రోజు తమ్ముడు జార్జికి కిరీటం పెట్టారు. పెళ్లికొడుకు మారినా పందిరి విప్పలేదన్నమాట.

ఇక మా సందు. మా సందుకో వాట్సాప్ గ్రూపు ఉంది. అప్పటిదాకా అందులో చెత్తబుట్టలు ఏ రోజు బయట పెట్టాలి, ఎవరి కారు ఎవరి గేటుకి అడ్డం ఉంది, ఈ రెండు సంగతులే. ఫిబ్రవరిలో ఎవరో "మనం కూడా వీధి విందు పెట్టుకుందామా" అని వేశారు. మే 6 శనివారం పట్టాభిషేకం, 7 ఆదివారం దేశమంతా కలిసి భోజనాలు, 8 సోమవారం సెలవు. ఇంత మంచి వారాంతం మళ్లీ దొరకదని అందరూ బొటనవేళ్లు ఎత్తారు. నా అంచనాలో మా సందుకి రాజు మీద భక్తి పావలా, సోమవారం సెలవు మీద భక్తి ముప్పావలా.

సందు మూయాలంటే కౌన్సిల్‌కి వారాల ముందే దరఖాస్తు పెట్టాలి. ఎక్కడి నుంచి ఎక్కడికి మూస్తారో పటం గీసి, ఇంటింటికీ చెప్పామని రాసి, అంబులెన్సు వస్తే దారి ఎలా ఇస్తారో కూడా చెప్పాలి. ఈ కాగితాల పనంతా రెండో నంబరు ఇంటావిడ నెత్తిన వేసుకుంది. ఆవిడ పదవీ విరమణ చేసిన స్కూలు గుమస్తా. ఫారాలంటే ఆవిడకి పూనకం.

ఏడో నంబరాయన రాచరికం వద్దనే మనిషి. కిటికీలో పసుపుపచ్చ అట్ట మీద 'నాట్ మై కింగ్' అని పెట్టాడు. "ఈ ఆర్భాటానికి అయ్యే డబ్బు ఎవరిది?" అని గ్రూపులో రాశాడు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఆ వసంతంలో తిండి సామాన్ల ధరలు ఏడాదిలో 19 శాతం పెరిగి ఉన్నాయి. ఎవరూ జవాబివ్వలేదు. చిక్కేమిటంటే సందు మొత్తానికి పొడుగాటి నిచ్చెన ఆయన దగ్గరే ఉంది. మర్నాడు ఆయనే "తోరణాలు కట్టే రోజు చెప్పండి, నిచ్చెన ఇస్తాను. మీరెక్కితే పడతారు, నేనే ఎక్కుతా" అని మళ్లీ రాశాడు.

ఆ తోరణాలు కుట్టే పని నా వంతుకొచ్చింది. ఇక్కడ బంటింగ్ అంటారు, తాడుకి ముక్కోణాల గుడ్డ జెండాలు. షాపులో కొంటే ప్లాస్టిక్‌వి దొరుకుతాయి గానీ నాకు ఇంట్లో పెట్టెడు జాకెట్ ముక్కలు మూలుగుతున్నాయి. ఏ తెలుగింట్లో ఉండవు? నోముకి ఒకరు, గృహప్రవేశానికి ఒకరు బొట్టు పెట్టి చేతిలో పెడతారు. కుట్టించుకోం, పారెయ్యం, ఇంకో పేరంటంలో ఇంకొకరికి పెడతాం. రెండేళ్లకి అదే ముక్క మడత కూడా విప్పకుండా మనకే తిరిగొస్తుంది.

అప్పుడు మా అత్తగారు మా దగ్గరే ఉన్నారు. పెట్టె తెరవగానే వచ్చి పక్కన కూర్చున్నారు.

"జాకెట్ ముక్కలు కత్తిరించి జెండాలు కడతావటే? ఎవరైనా ముత్తైదువకి పెట్టుకోవచ్చు కదమ్మా."

"మన సందులో ముత్తైదువలందరికీ రెండేసి సార్లు పెట్టేశానత్తయ్యా. రెండో నంబరావిడ వాటితో దిళ్లు కుట్టుకుంది."

ఆవిడ ఇంకేం అనలేదు. కత్తెర అందుకుని మంగళగిరివి రెండూ తీసి పక్కన పెట్టేశారు. మిగతావి నా ఇష్టానికి వదిలారు.

కార్న్‌ఫ్లేక్స్ అట్టపెట్టె కోసి ముక్కోణం అచ్చు చేసుకున్నాను. ఒకటి నిటారుగా, ఒకటి తలకిందులుగా పక్కపక్కన గీస్తే గుడ్డ వృథా పోదు. అంచులు మడిచి కుట్టే ఓపిక లేదు, పళ్ల కత్తెరతో కోసేస్తే దారాలు ఊడవు. పొడుగాటి టేపుని నిలువునా సగానికి మడిచి, ఆ మడతలో ముక్కోణాలు ఇరికించి, మిషను మీద ఒకటే కుట్టు పరిగెత్తించాను. టూ బై టూ రూబియా బుద్ధిగా నిలబడుతుంది. సాటిన్ సూది కింద పాములా జారుతుంది, గుండుసూదులు పెట్టక తప్పదు. ఎరుపు బోలెడు, నీలం కావలసినంత దొరికాయి. తెలుపు మాత్రం ఒక్క ముక్క లేదు. పేరంటానికి వెళ్తే తెల్ల ముక్క ఎవరు పెడతారు? మావారి పాత ఆఫీసు చొక్కాలు రెండు బలైపోయాయి. ఒక ముక్కోణం మీద జేబు అలాగే ఉండిపోయింది. పిల్లలు అందులో చాక్లెట్ కాగితాలు దాచారు.

ఏడో నంబరాయన శుక్రవారం సాయంత్రం నిచ్చెన ఎక్కి, దీపస్తంభానికీ మా మేడ కిటికీకీ మధ్య కట్టాడు. కింద అత్తగారు నిలబడి తెలుగులో "కాస్త బిగించు నాయనా, సాగిపోయింది" అంటున్నారు. ఆయన బిగించాడు.

శనివారం పొద్దున్నే వాన. లండన్‌లో వాన, విండ్సర్లో వాన. 1953 జూన్ 2న ఎలిజబెత్ పట్టాభిషేకానికీ ఇలాగే కురిసిందట. ఐదో నంబరువాళ్లు తలుపు చుట్టూ కట్టిన క్రేప్ కాగితం రంగు కారి, తెల్లతలుపు మీద ఎర్ర చారలు దిగాయి. రూబియా తడిసింది గానీ ఒక్క చుక్క రంగు వదల్లేదు. అత్తగారు కిటికీలోంచి చూసి తృప్తిపడ్డారు.

లాంగ్ వాక్‌లో, అంటే కోట నుంచి పార్కులోకి బాణంలా పోయే ఆ పొడుగాటి బాటలో, పెద్ద తెరలు పెట్టారు. వానలో ఎవరు పోతారు? ఇంట్లోనే ఉప్మా తింటూ చూశాం. అత్తగారు ఆ మార్చి 31నే టీవీలో భద్రాచలం రాములవారి పుష్కర పట్టాభిషేకం చూసి వచ్చారు. పన్నెండేళ్లకోసారి వచ్చేది, నదుల నీళ్లూ సముద్రాల నీళ్లూ తెచ్చి చేసేది. ఐదు వారాల తేడాతో రెండు పట్టాభిషేకాలు చూసిన మనిషి కాబట్టి ఆవిడ మాటకి మా ఇంట్లో విలువ పెరిగింది. ఆర్చిబిషప్పు రాజుకి నూనె రాసే ఘట్టంలో చుట్టూ తెరలు అడ్డం పెట్టారు, కెమెరాకి కూడా చూపించలేదు. నేను విసుక్కుంటే ఆవిడ "మూలవిరాట్టుకి అభిషేకం అందరికీ చూపిస్తారా?" అన్నారు. ఆ నూనె జెరూసలేం దగ్గర ఆలివ్ కొండ మీద పండిన కాయలదని టీవీలో చెప్పారు. నేను అనువదించాను. "మన నువ్వులనూనె అయితే ఒంటికి మంచిది" అన్నారు.

అప్పటి ప్రధాని ఋషి సునాక్ లేచి బైబిల్ చదివాడు. లార్డ్స్ సభ సభ్యుడు నరేంద్ర పటేల్ గారు ఉంగరం అందించారు. మావారు మనవాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కపెడుతూ కూర్చున్నారు, అప్పటి మన ఉపరాష్ట్రపతి ధన్‌ఖడ్ కోసం కూడా వెతికారు. మధ్యాహ్నం పన్నెండు దాటి రెండు నిమిషాలకి కిరీటం పెట్టారు. 1661లో చేసింది, రెండు కిలోల పైమాటే. ఆర్చిబిషప్పు పెట్టి, కాస్త తిప్పి, సరిగ్గా కూర్చుందో లేదో వంగి చూశాడు. 74 ఏళ్ల మనిషి మెడ కదపకుండా కూర్చున్నాడు. "పాపం, యాభై ఏళ్లకే పెట్టి ఉండాల్సింది" అని అత్తగారు. ఆ మాటకి తల్లి డెబ్బై ఏళ్లు ఏలింది కదా అని నేను గుర్తుచేశాను. "అదే మరి" అన్నారు, అందులో చాలా అర్థాలున్నాయి, నేను కదిలించలేదు.

కెమిల్లా తల మీది కిరీటం రాగానే ఇంట్లో అందరం టీవీకి దగ్గరగా జరిగాం. కోహినూర్ ఉంటుందా ఉండదా అని. ఉండదని ఫిబ్రవరిలోనే ప్రకటించారు, మేరీ రాణి 1911 కిరీటం వాడారు, అందులో దక్షిణాఫ్రికా కల్లినన్ వజ్రాలు పొదిగారు. అయినా ఆశ. కోహినూర్ కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని మా పల్నాడు వైపు పుట్టినవాళ్లం అందరం నమ్ముతాం. ఆ పాత గనుల చోటు చాలామటుకు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. వజ్రం చేతులు మారి మారి చివరికి 1849లో పదేళ్ల పంజాబ్ మహారాజు దులీప్ సింగ్ దగ్గర ఒప్పందం పేరుతో లాక్కుంటే ఇటొచ్చింది. 105 క్యారెట్ల పైన ఉన్న ఆ రాయి ఇప్పుడు టవర్ ఆఫ్ లండన్‌లో, ప్రస్తుత రాజుగారి అమ్మమ్మ కిరీటంలో ఉంది. పెట్టుకుంటే గొడవ, ఇచ్చేస్తే ఇంకా పెద్ద గొడవ, కాబట్టి అద్దాల్లో ఉంచారు. మర్యాదగా తప్పించుకోవడంలో వీళ్ల తర్వాతే ఎవరైనా.

ఆదివారం తెరిపిచ్చింది, ఎండ కూడా కాసింది. పదిగంటలకల్లా సందు రెండు చివరలా అడ్డాలు పెట్టి, నడిమధ్యలో మడత బల్లలు వేశారు. ఎవరింటి కుర్చీలు వాళ్లవి. తిండికి రెండో నంబరావిడ పట్టిక తయారుచేసింది. రాజుగారి పేరున అధికారికంగా ప్రకటించిన వంటకం కీష్, అంటే పిండి గిన్నెలో గుడ్లూ చీజూ పోసి కాల్చేది, లోపల పాలకూర, బ్రాడ్ బీన్స్, టారగన్ ఆకు. అందరూ శాకాహారం అనుకున్నారు. నేను కొలతలు చదివితే పిండిలో లార్డ్ ఉంది, పందికొవ్వు. గ్రూపులో పెట్టాను. మూడు కీష్‌లు వెన్నతో తయారయ్యాయి, ఒకటి మాత్రం "నాకు తెలిసిన వంట ఇదే" అని కొవ్వుతోనే వచ్చింది, దాని మీద జెండా గుచ్చి గుర్తు పెట్టాం.

నేను పులిహోర కలిపి తీసుకెళ్లాను. ఎండలో రెండు గంటలున్నా పాడవదు, వేడి చెయ్యక్కర్లేదు, ఇలాంటివాటికి దాన్ని మించింది లేదు. ఎండుమిరపకాయలు తీసి పక్కన పెట్టాలని చెప్పడం మర్చిపోకూడదు గానీ, చెప్పేలోపే ఐదో నంబరు కుర్రాడు ఒకటి నమిలేశాడు. మూడు గ్లాసుల పాలు తాగి మళ్లీ వచ్చి పులిహోరే వేసుకున్నాడు.

పక్కనే కరోనేషన్ చికెన్. ఇది 1953 వంటకం, విదేశీ అతిథుల విందు కోసం కాన్‌స్టన్స్ స్ప్రై, రోజ్‌మరీ హ్యూమ్ అనే ఇద్దరు తయారుచేసింది. చల్లటి కోడి ముక్కలు, మయోనైజ్, అందులో చెంచాడు కర్రీ పౌడరు. మనవాళ్లెవరైనా మొదటిసారి తింటే కూర చెయ్యబోయి మధ్యలో కరెంటు పోయిందనుకుంటారు. శాండ్‌విచ్‌లో పెడితే మాత్రం బాగుంటుంది, ఒప్పుకోవాలి.

ఎదురింటి మామ్మగారికి 1953లో పదేళ్లు. ఆవిడ చెప్పిన కబుర్లు నాకు టీవీలో చూసిన దానికన్నా ఎక్కువ గుర్తున్నాయి. యుద్ధం ముగిసి ఎనిమిదేళ్లయినా పంచదార ఇంకా రేషనే, పట్టాభిషేకం కోసం మనిషికి ఒక పౌను, అంటే అరకిలోకి కాస్త తక్కువ, అదనంగా ఇచ్చారట. వాళ్లమ్మ దాన్ని కేకుకి వాడకుండా జామ్‌కి దాచేసిందని ఆవిడకి ఇప్పటికీ కోపం. వీధంతటికీ ఒక్క టీవీ. తెర సైజు ఆవిడ చేత్తో చూపించింది, పళ్లెమంత. ఇరవైమంది పిల్లలు కింద, పెద్దవాళ్లు వెనక నిలబడి, తడిసిన కోట్ల వాసన. ఆ పొద్దున పేపర్లో ఎవరెస్టు ఎక్కారన్న వార్త, హిల్లరీ, టెన్జింగ్. "మాకు రాణిగారి కన్నా ఆ కొండే ఎక్కువ నచ్చింది" అంది. బళ్లో అందరికీ తలా ఒక మగ్గు ఇచ్చారట, ఆవిడది వారం తిరక్కుండా పగిలింది.

జాతీయ గీతం 'గాడ్ సేవ్ ద కింగ్' పాడే వేళకి సగంమంది అలవాటు కొద్దీ 'క్వీన్' అన్నారు, మిగతా సగం 'కింగ్' అన్నారు, కలిసి ఏదో కొత్త పదం వినపడింది. ఏడో నంబరాయన పాడలేదు గానీ లేచి నిలబడ్డాడు, చేతిలో పళ్లెం ఉంది, అందులో పులిహోర ఉంది. ఆ సమయానికే రాజుగారి పెద్దకొడుకు విలియం, ఆయన భార్య కేథరిన్ లాంగ్ వాక్‌లో జనం మధ్య నడిచి పలకరించి వెళ్లారని ఫోనుల్లో ఫొటోలు వచ్చాయి. బస్సు దిగి పది నిమిషాలు నడిస్తే చేరేవాళ్లం. ఐదో నంబరావిడ ఆ బాధ నుంచి ఇంకా తేరుకోలేదు.

రాత్రి కోట తూర్పు పచ్చికలో కచేరీ. ఇరవై వేలమంది జనం, అందులో సగం టికెట్లు లాటరీలో పంచారు, మా సందులో ఎవరికీ తగల్లేదు. లయనెల్ రిచీ, కేటీ పెర్రీ, టేక్ దట్. మధ్యలో సోనమ్ కపూర్ వచ్చేసరికి అత్తగారు లేచి కూర్చున్నారు. మేం బీబీసీ ఐప్లేయర్లో, అంటే నెట్‌లో, చూస్తుంటే, గాలి ఇటు తిరిగినప్పుడల్లా అదే పాట కిటికీలోంచి ముందొచ్చి, టీవీలో వెనక వచ్చింది. కిటికీ మూసెయ్యమన్నారు మావారు, ఆయనకి పాట ముందే తెలిసిపోవడం నచ్చలేదు.

సోమవారం మళ్లీ వాన. అందరూ ఊరికి ఏదో ఒక సేవ చెయ్యాలని పిలుపిచ్చిన రోజది. మేం బల్లలు లోపల పెట్టి, లార్డ్ కీష్ మిగిలినది ఎవరింటికి పోవాలో తేల్చుకునేసరికే సాయంత్రమైంది.

తర్వాత ఏడాదిన్నరకి ప్రభుత్వం లెక్క చెప్పింది: మొత్తం ఖర్చు 7 కోట్ల 20 లక్షల పౌన్లు, అందులో 2 కోట్ల పైన పోలీసు బందోబస్తుకే. ఏడో నంబరాయన ఆ వార్త గ్రూపులో వేశాడు, కింద ఒక్క మాట రాయకుండా. మామ్మగారు బొటనవేలు ఎత్తింది.

జాకెట్ ముక్కల తోరణం ఆగస్టు దాకా అలాగే వేలాడింది. తియ్యాలంటే నిచ్చెన కావాలి, నిచ్చెనాయన స్పెయిన్ వెళ్లాడు. ఈలోపు మే నెల సగానికే పీస్‌కాడ్ స్ట్రీట్‌లో మగ్గులు సగం ధరకి దిగాయి. నేను రెండు కొన్నాను. ఒకటి అత్తగారు గుంటూరు పట్టుకెళ్లి పొయ్యి పక్కన గరిటెలు పెట్టుకున్నారు. రెండోది కొంటున్నప్పుడు కౌంటరు దగ్గర వరసలో నా ముందు ఏడో నంబరాయన నిలబడి ఉన్నాడు, చేతిలో ఒక చార్లెస్ మగ్గు. నన్ను చూసి, అడక్కుండానే, "గ్యారేజీలో పెయింటు బ్రష్షులు నానబెట్టుకోడానికి" అన్నాడు.